అదే ఇంజిన్, ఖాళీ గూడ్స్ అయితే ఉరుకుతది, బొగ్గు నిండితే కదలనే కదలదు, పాపకి ఎట్లా చెప్పాలె?

పెద్దపల్లి_అమ్మ

అందరికీ నమస్తే. మా ఇల్లు పెద్దపల్లి దగ్గర పట్టాల పక్కనే ఉంటది, కాజీపేట – బల్లార్షా లైన్. పొద్దుగాల లేస్తే గూడ్స్ బండ్లే, రామగుండం దిక్కు నుంచి సింగరేణి బొగ్గు నింపుకొని పోయేటివి, ఖాళీ డబ్బాలతోని వాపస్ వచ్చేటివి. మా పాప 9వ తరగతి, ఇప్పుడు గమన నియమాలు పాఠం నడుస్తుంది. బలం పెరిగితే త్వరణం పెరుగుతది, ద్రవ్యరాశి పెరిగితే త్వరణం తగ్గుతది అని నోట్స్ రాసుకుంది, లెక్కలు కూడా మంచిగనే చేస్తుంది, 5 కిలోల వస్తువు మీద 20 న్యూటన్ల బలం అంటే త్వరణం 4 అని టక్కున చెప్తది. కానీ బంగ్లా మీద నిలబడి బండ్లు చూసుకుంటా అడిగే ప్రశ్నలకే నా దగ్గర జవాబు లేదు, నేను డిగ్రీ బీకాం.

మొదటిది ఏందంటే, ఖాళీ బండికీ నిండు బండికీ ఇంజిన్ ఒకటే రకం కదా (డబ్ల్యూఏజీ-9 అని ముందట రాసి ఉంటది), సిగ్నల్ పడంగనే ఖాళీది జర్ర సేపట్లనే స్పీడ్ అందుకుంటది, బొగ్గుది మాత్రం మస్తు సేపు పాకుతనే ఉంటది, ఈ తేడా ఎన్ని రెట్లు అని లెక్క కట్టొచ్చా అని అడుగుతుంది. తర్వాత ఇంకోటి, బండి ఒకటే స్పీడ్ మీద పోతున్నప్పుడు త్వరణం సున్నా అయితది కదా, ఎఫ్ = ఎమ్ఎ ప్రకారం బలం కూడా సున్నా కావాలె, మరి అప్పుడు ఇంజిన్ దేన్ని గుంజుతుంది అంటది. ఇగ అన్నిటికంటే గట్టిది, బరువు ఎక్కువైతే త్వరణం తక్కువ అన్నప్పుడు పైనుంచి వదిలిన పెద్ద బండరాయి చిన్న రాయి కంటే నిదానంగ పడాలె కదా, కానీ బడిలో సార్ రెండూ ఒక్కసారే పడతయి అని చెప్పిండట. ఇది వినంగనే నాకు కూడా డౌట్ వచ్చేసింది. తెలిసినోళ్ళు జర వివరంగ చెప్పుండ్రి, పాపకి చదివి వినిపిస్త.

లోకో_క్యాబ్

నమస్తే అమ్మా. నేను గూడ్స్ లోకో పైలట్‌ని, విజయవాడ వైపు, మీ లైన్లో కూడా నడిపాను. పాప అడిగిన మొదటిదానికి నేను చెప్తా, ఎందుకంటే ఇది మాకు డ్యూటీలో రోజూ చేతికి తెలిసే విషయం.

ముందు బరువులు చూడండి. బొగ్గుకి వాడే బాక్స్ఎన్ వ్యాగన్ ఖాళీగా ఉంటే ఇంచుమించు 22న్నర టన్నులు, నింపితే 81 టన్నుల పైచిలుకు. ఒక రేక్‌లో, అంటే కలిపి నడిపే వ్యాగన్ల వరసలో, 58 వ్యాగన్లు వేసుకుందాం. ఖాళీ రేక్ 1,300 టన్నులు అవుద్ది, నిండు రేక్ 4,700 టన్నులు. దీనికి ఇంజిన్ 123 టన్నులు, వెనక గార్డు బ్రేక్ వ్యాన్ ఒకటి కలపండి. రౌండ్‌గా చెప్పాలంటే ఖాళీ బండి 1,440 టన్నులు, నిండు బండి 4,850 టన్నులు. ఇంజిన్ లాగే బలం మాత్రం రెండిట్లోనూ ఒకటే, డబ్ల్యూఏజీ-9 కి బయల్దేరేటప్పుడు గరిష్ఠంగా 460 కిలోన్యూటన్లు, అంటే 4 లక్షల 60 వేల న్యూటన్లు.

ఇప్పుడు 460ని నేరుగా బరువుతో భాగించేయకూడదు, ఇక్కడే పిల్లలు పొరపడతారు. చక్రాలూ బేరింగులూ గాలీ అన్నీ కలిసి వెనక్కి పట్టుకుంటాయి కదా, దాన్ని లెక్క కోసం టన్నుకి 20 న్యూటన్లు అనుకుందాం. నిండు బండికి అది 97 కిలోన్యూటన్లు, ఖాళీ బండికి 29. తీసేస్తే నిండు బండికి మిగిలేది 363, ఖాళీ బండికి 431. ఈ మిగిలిందాన్ని బరువుతో భాగించాలి. నిండు బండికి త్వరణం 0.075 మీ/సె² వస్తది, ఖాళీ బండికి 0.3. సరిగ్గా నాలుగు రెట్లు తేడా. గంటకి 35 కిలోమీటర్లు అందుకోడానికి ఖాళీ బండికి అరనిమిషం చాలు, నిండు బండికి రెండు నిమిషాల పైనే పడుతుంది. మీ పాప మేడ మీద నుంచి చూసింది ఇదేనమ్మా.

35 అని ఎందుకు చెప్పానంటే, ఆ స్పీడ్ దాటాక ఇంజిన్ 460 లాగలేదు. దాని పవర్ 6,000 హార్స్‌పవర్ పైచిలుకు, అంటే నాలుగున్నర మెగావాట్లు, పవర్ అంటే బలం ఇంటూ వేగం కాబట్టి వేగం పెరిగేకొద్దీ బలం తగ్గిపోద్ది. 50 దగ్గర 325 కిలోన్యూటన్లు, 72 దగ్గర 225 అంతే. అంటే పాప పుస్తకంలో బలం మారకుండా అలాగే ఉంటుంది గానీ మా క్యాబ్‌లో అలా ఉండదు, స్పీడ్ పెరుగుతుంటే బలం తగ్గుతుంది, గాలి ఆపేది పెరుగుతుంది, రెండు వైపుల నుంచీ త్వరణం చిక్కిపోతూ ఉంటుంది. అందుకే నిండు లోడు 40 నుంచి 60 కి రావడానికి ఎంత సేపు పడుతుందో బయట నుంచి చూసేవాళ్ళకి అర్థం కాదు.

ఇంకొకటి, పైన లెక్క మొత్తం ఫుల్ బలం మీద వేశాను. నిజంగా మేము మొదటి సెకనులోనే అంత తీయం. వ్యాగన్ల మధ్య కప్లింగుల్లో కొంచెం వదులు ఉంటుంది, ముందు వ్యాగన్ కదిలి, దాని వెనకది కదిలి, అలా ఆ లాగుడు చివరి దాకా పోవాలి, ఆ 'ధన్ ధన్ ధన్' సౌండ్ మీకు ఇంట్లోకి వినబడే ఉంటుంది. ఆ టైంలో గబుక్కున త్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే హ్యాండిల్) పెంచితే కప్లింగ్ తెగి బండి రెండు ముక్కలవుద్ది, ట్రైన్ పార్టింగ్ అంటాం, దాని తర్వాత సెక్షన్ మొత్తం ఆగిపోద్ది. కాబట్టి చివరి వ్యాగన్ కదిలిందని నమ్మకం వచ్చేదాకా నెమ్మదిగానే.

ఎక్కుడు గురించి కూడా చెప్తాను, ఇది పుస్తకాల్లో రాదు. 200 మీటర్లకి ఒక మీటరు ఎక్కే గ్రేడియంట్ చూస్తే కంటికి చదునుగానే ఉంటుంది, నడిస్తే కాలికి కూడా తెలీదు. కానీ 4,850 టన్నుల బండిని అది 238 కిలోన్యూటన్లతో వెనక్కి లాగుతుంది. 460 లోంచి 97, 238 తీసేస్తే మిగిలేది 125, త్వరణం మూడోవంతుకి పడిపోయింది. అదే 100 కి 1 అయితే వెనక్కి లాగేది 475, మన ఇంజిన్ లాగేదాని కంటే ఎక్కువ, ఆగిన బండి ఒక్క ఇంజిన్‌తో అసలు బయల్దేరదు. అందుకే ఘాట్లలో బ్యాంకర్ ఇంజిన్ వెనక నుంచి తోస్తుంది.

సైన్స్_టీచర్_కర్నూలు

లోకో పైలట్ గారు రాసింది చదివి చాలా సంతోషమైంది, ఇట్లాంటి లెక్క మా పుస్తకంలో ఒక్కటుంటే పిల్లోళ్ళకి ఈ పాఠం ఎప్పటికీ మర్చిపోకుండా ఉంటాది. నేను హైస్కూల్లో భౌతిక శాస్త్రం చెప్తాను, మిగిలిన రెండు ప్రశ్నలు నేను తీసుకుంటా.

ఒకే స్పీడులో పోయే బండి గురించి. ఎఫ్ = ఎమ్ఎ లో ఎఫ్ అంటే ఇంజిన్ బలం కాదమ్మా, వస్తువు మీద పనిచేసే బలాలన్నీ కలిపి చివరికి మిగిలేది, దాన్ని ఫలిత బలం అంటాము. బండి 70 లో స్థిరంగా పోతాంటే ఇంజిన్ ముందుకి ఎంత లాగుతాందో ఘర్షణా గాలీ వెనక్కి అంతే లాగుతాన్నాయి, మిగిలింది సున్నా, కాబట్టి త్వరణం సున్నా. పాప చెప్పింది కరెక్టే, బలం సున్నానే, అయితే సున్నా అయింది ఫలిత బలం. ఇంజిన్ ఆపేస్తే వెనక్కి లాగేది ఒక్కటే మిగుల్తాది, బండి కొంచెం కొంచెం నెమ్మదిస్తాది. బలం ఉంటేనే కదలిక ఉంటాది అనేది మనకి చిన్నప్పటి నుంచీ మనసులో పడిపోయిన ఆలోచన, ఎందుకంటే మన చుట్టూ ఘర్షణ లేని చోటు లేదు, తోయడం ఆపితే ఏదైనా ఆగిపోతాది. న్యూటన్ 1687 లో పుస్తకం వేసినప్పుడు దీన్నే తిరగేసినాడు, కదలడానికి కాదు కదలికని మార్చడానికి బలం కావాల అని.

ఫలిత బలం సంగతి ఎంత ముఖ్యమో పైన లెక్కలోనే ఇంకోటి చేసి చూపిస్తా, ఇది పాపతో చేయించండి. అదే నిండు రేక్‌కి రెండు ఇంజిన్లు కడితే త్వరణం ఎన్ని రెట్లు అయితాది? రెండు రెట్లు అని అందరూ చెప్తారు. కానీ లెక్క వేస్తే, బలం 920, బరువు 4,973 టన్నులు, వెనక్కి లాగేది ఇంచుమించు 99, మిగిలేది 821 కిలోన్యూటన్లు, త్వరణం 0.165. ఇంతకు ముందు 0.075 కదా, రెండు రెట్ల కంటే ఎక్కువే వచ్చింది! ఎందుకంటే ఇంజిన్ బలం రెట్టింపు అయింది కానీ ఘర్షణ రెట్టింపు కాలేదు. తరగతిలో ఇది చేయిస్తే పిల్లోళ్ళు తప్పు వచ్చిందేమో అని మళ్ళీ మళ్ళీ లెక్క వేసుకుంటారు, ఆ తర్వాత ఫలిత బలం అనే మాట ఎవరూ మరవరు.

ఇంక రాళ్ళ ప్రశ్న, ఇది చాలా మంచి ప్రశ్న, మీ పాపకి నా తరఫున శభాష్ చెప్పండి. బరువు ఎక్కువైతే త్వరణం తక్కువ అనే మాటకి ముందు ఇంకో సగం ఉంది, 'అదే బలం వేసినప్పుడు' అని. ఈ సగం చెప్పకుండా ఆ వాక్యం ఒక్కటే కంఠతా పట్టిస్తే ఈ డౌట్ రాకుండా ఎట్లుంటాది? ఇంజిన్ విషయంలో బలం అదే, 460, రేక్ నిండినా ఖాళీ అయినా మారదు. కానీ భూమి లాగే బలం అట్లా కాదు. 1 కిలో రాయిని 9.8 న్యూటన్లతో లాగుతాది, 10 కిలోల రాయిని 98 న్యూటన్లతో లాగుతాది. పది రెట్లు కదిలించడానికి కష్టం, పది రెట్లు లాగుడు కూడా ఎక్కువ, 98 ని 10 తో భాగిస్తే మళ్ళీ 9.8 నే. ద్రవ్యరాశి పైనా కిందా కొట్టేసుకుంటాది.

దీన్ని చంద్రుడి మీద చేసి చూపించినారు, 1971 ఆగస్టు 2న, అపోలో 15 కమాండర్ డేవిడ్ స్కాట్ ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో డేగ ఈక పట్టుకొని రెండూ ఒకేసారి వదిలినాడు. అక్కడ గాలి లేదు కాబట్టి ఈక ఊగలేదు, తేలలేదు, సుత్తితో పాటే కింద పడింది. వీడియో దొరుకుతాది, పాపకి చూపించండి. మన దగ్గర ఈక నెమ్మదిగా పడేది తేలిక అయినందుకు కాదు, దాని బరువుతో పోలిస్తే గాలి ఆపేది ఎక్కువైనందుకు, అంటే మళ్ళీ ఫలిత బలమే.

చీరాల_ఇంటర్

సార్ నాకు ఒక డౌట్, త్వరణం పెరగాలంటే ద్రవ్యరాశి తగ్గాలి కదా మరి ఇంజిన్‌ని 123 టన్నులు ఎందుకు చేస్తారు, తేలిక మెటల్‌తో 60 టన్నులకి చేస్తే ఆ మేరకి బండి బరువు తగ్గి త్వరణం పెరుగుతుంది కదా. వందే భారత్ ట్రైన్ తేలిగ్గా చేశాం అందుకే పికప్ బావుంది అని వాళ్ళే చెప్పారు కదా, మరి గూడ్స్ ఇంజిన్‌కి అదెందుకు చెయ్యరు

లోకో_క్యాబ్

తమ్ముడూ మంచి పాయింట్ పట్టుకున్నావు. ఇంజిన్ 60 టన్నులు చేస్తే ఆ 460 కిలోన్యూటన్లు రావు. మోటార్లు ఎంత తిప్పినా చివరికి బండిని ముందుకి తోసేది చక్రానికీ పట్టాకీ మధ్య ఉండే పట్టు, రెండూ ఉక్కే, నున్నగా ఉంటాయి. ఆ పట్టు ఇంజిన్ చక్రాల మీద పడే బరువుని బట్టి ఉంటుంది. 123 టన్నులు అంటే పట్టాల మీద 1,205 కిలోన్యూటన్ల భారం, దాంట్లో 460 అంటే 38 శాతం, ఉక్కు మీద ఉక్కుకి ఇది ఎండ రోజున చాలా మంచి పట్టు. 60 టన్నుల ఇంజిన్‌తో అంత లాగబోతే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, వీల్ స్లిప్ అంటాం. తర్వాత వచ్చిన డబ్ల్యూఏజీ-9హెచ్ కి ఇంకా ఎక్కువ లాగడం కోసం కావాలనే బరువు పెంచారు.

వాన మొదలైనప్పుడు, మంచు పడ్డప్పుడు, పట్టాల మీద ఆకులో గ్రీజో ఉన్నప్పుడు ఆ పట్టు బాగా పడిపోద్ది. అప్పుడు చక్రం ముందు ఇసక వదుల్తాం, ఇంజిన్‌లో సాండ్ బాక్సులు అందుకే ఉంటాయి. వాన జల్లులో ఎక్కుడు మీద నిండు లోడుతో ఆగి మళ్ళీ బయల్దేరాల్సి వస్తే ఏ లోకో పైలట్‌కైనా గుండెలో రాయి పడ్డట్టే ఉంటుంది, బలం ఉంది, పట్టాకి దిగట్లేదు.

వందే భారత్ సంగతి వేరు, దానికి ముందు ఇంజిన్ అంటూ విడిగా లేదు, 16 బోగీల రకంలో సగం బోగీల కింద మోటార్లు ఉంటాయి. పట్టుకి కావాల్సిన బరువు బోగీలే ఇస్తాయి, ప్రయాణికులు కూడా ఇస్తారు, కాబట్టి తేలిగ్గా చేసుకోవచ్చు. 2022 లో వచ్చిన రెండో రకాన్ని 430 నుంచి 392 టన్నులకి తగ్గించారు, సున్నా నుంచి 100 కి 52 సెకన్లు అని చెప్పారు. లెక్క వెయ్యి, సగటు త్వరణం 0.53. బలం ఎంత కావాలి? 392 ఇంటూ 0.53, దగ్గర దగ్గర 208 కిలోన్యూటన్లు. నా గూడ్స్ ఇంజిన్ లాగేదాంట్లో సగం కూడా లేదు చూడు! కానీ త్వరణం నా నిండు లోడు కంటే 7 రెట్లు. సికింద్రాబాద్ – విశాఖ వందే భారత్ విజయవాడలో నా పక్క లైన్లోంచి బయల్దేరితే నేను కదిలిన కాసేపటికి దాని వెనక లైటు కూడా కనపడదు. నా ఇంజిన్ బలం తక్కువై కాదు, నా వెనక 4,700 టన్నులు ఉన్నాయి.

అరకు_లైన్

ఎక్కుడు గురించి రాశారు గానీ దిగుడు గురించి ఎవరూ రాయలేదు, అసలు భయం అక్కడే ఉంది. మాది ఎస్.కోట. కొత్తవలస – కిరండూల్ లైన్లో బైలదిల్లా ఇనప ఖనిజం విశాఖకి వస్తుంది, ఖాళీ రేకులు ఘాట్ ఎక్కుతాయి, నిండు రేకులు దిగుతాయి. పైన శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తు, అక్కణ్ణించి మా ఊరి దాకా దిగుడే దిగుడు.

టీచర్ గారు రాళ్ళ గురించి చెప్పారే, అదే ఇక్కడా వర్తిస్తాది. దిగుడులో బ్రేకు లేకుండా వదిలేస్తే ఖాళీ వ్యాగనైనా నిండు వ్యాగనైనా ఇంచుమించు ఒకే త్వరణంతో జారతాయి, 100 కి 1 వాలులో ఘర్షణ పోగా 0.08 దాకా ఉంటాది. నిండుది బరువు కాబట్టి నెమ్మదిగా కదుల్తాది అనుకుంటే ప్రాణాలు పోతాయి. అందుకే స్టేషన్లో నిలిపిన వ్యాగన్లకి హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద చెక్కలూ స్కిడ్లూ పెట్టి, గొలుసుతో పట్టాకి కట్టేస్తారు. కానీ ఆపేటప్పుడు మాత్రం తేడా పూర్తిగా కనిపిస్తాది, ఎందుకంటే ఆపే బలం భూమి ఇవ్వదు, బ్రేకులు ఇవ్వాల.

సైన్స్_టీచర్_కర్నూలు

చాలా మంచి మాట చెప్పినారు. లెక్కలో పెడితే, చదునులో 60 స్పీడులో ఉన్న బండిని 0.2 మీ/సె² చొప్పున నెమ్మదింప చేయాలనుకోండి, నిండు బండికి 970 కిలోన్యూటన్లు కావాల, ఖాళీ బండికి 288 చాలు. రెండూ ఆగేది 700 మీటర్ల లోపలే, కానీ బలంలో తేడా చూడండి. నిండు బండికి వేసే ఆ 970 బ్రేకు బలం ఖాళీ బండికి వేస్తే ఏమైతాదో లోకో పైలట్ గారే చెప్పాల.

లోకో_క్యాబ్

చక్రాలు పట్టేసి పట్టా మీద ఈడ్చుకుపోతాయి సార్, చక్రం ఒక చోట అరిగి ఫ్లాట్ అవుద్ది, తర్వాత తిరిగినప్పుడల్లా పట్టాని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. అందుకే ఎయిర్ బ్రేక్ వ్యాగన్లకి పక్కన ఎంప్టీ – లోడ్ అని ఒక హ్యాండిల్ ఉంటుంది, నింపాక లోడ్ వైపు, ఖాళీ చేశాక ఎంప్టీ వైపు తిప్పాలి. అమ్మా, మీ ఊళ్ళో వ్యాగన్ ఆగినప్పుడు దూరం నుంచే చూపించండి పాపకి, పసుపు రంగు వేసి ఉంటే గుర్తు పట్టడం తేలిక. ఎఫ్ = ఎమ్ఎ ని ఇనుముతో చేసి వ్యాగన్‌కి తగిలించినట్టే అది. నింపిన రేక్‌కి ఆ హ్యాండిళ్ళు ఎంప్టీలోనే ఉండిపోతే బ్రేకు వేసినా బండి మాట వినదు, ఆగాల్సిన సిగ్నల్ దాటిపోద్ది. అందుకే బయల్దేరే ముందు ఆ చెకింగ్‌లో మేం ఎవర్నీ తొందరపెట్టనివ్వం.

పెద్దపల్లి_అమ్మ

అందరికీ మస్తు థ్యాంక్స్. రాత్రి అన్నం తిన్నాక మొత్తం చదివి వినిపించిన, రెండు ఇంజిన్ల లెక్క తానే చేసి 0.165 వచ్చిందని ఎగిరింది. సుత్తి ఈక వీడియో కూడా చూసినం, నాకు ఒళ్ళు పులకరించింది. ఇప్పుడు ఇంకో పట్టు పట్టింది, ఆ 0.075, 0.3 నిజంగ మన లైన్ల పోయే బండ్లకి వస్తయో లేదో తానే కొలుస్తదట. స్పీడ్ కొలిచే మిషన్ లేదు కదా బిడ్డా అంటే ఫోన్ ఉంది కదా అంటది. ఏదన్న ఉపాయం ఉందా సార్? పట్టాల కాడికి మాత్రం పంపియ్య, మా బంగ్లా మీద నుంచే చెయ్యాలె.

సైన్స్_టీచర్_కర్నూలు

ఉందమ్మా, వ్యాగన్లే మీకు స్కేలు. బాక్స్ఎన్ వ్యాగన్ కప్లింగ్ నుంచి కప్లింగ్ దాకా 10.7 మీటర్లు ఉంటాది. మేడ మీద నుంచి కదలకుండా ఒకే చోటుకి గురి పెట్టి ఫోన్లో వీడియో తీయండి, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభాన్ని గుర్తుగా పెట్టుకుంటే మంచిది. ఆగిన బండి కదిలిన క్షణం నుంచి టైం మొదలు. స్తంభం ముందు నుంచి 10 వ్యాగన్లు దాటితే బండి 107 మీటర్లు కదిలినట్టు, 40 దాటితే 428 మీటర్లు. వీడియో ఆపి ఆపి చూస్తే ఏ సెకనులో ఎన్నో వ్యాగన్ దాటిందో రాసుకోవచ్చు.

తర్వాత సూత్రం పాపకి తెలిసిందే, దూరం = సగం త్వరణం ఇంటూ కాలం వర్గం. నిండు బండికి 0.075 అయితే 10 వ్యాగన్లకి 53 సెకన్లు, 40 వ్యాగన్లకి 107 సెకన్లు రావాల. నాలుగు రెట్ల దూరానికి కాలం రెండు రెట్లే! ఖాళీ బండికి 10 వ్యాగన్లు 27 సెకన్లలో అయిపోవాల. అంటే నిండుదానికి త్వరణం నాలుగోవంతు అయినా అదే దూరానికి పట్టే టైం రెట్టింపే, నాలుగు రెట్లు కాదు. కాలం వర్గం ఉంది కాబట్టి. గ్రాఫ్ కాగితం మీద ఒక పక్క దూరం, ఇంకో పక్క కాలం వర్గం వేయమనండి, చుక్కలు గీత మీదికి వస్తే త్వరణం స్థిరంగా ఉన్నట్టు, గీత వంగిపోతే బలం మారినట్టు. ఏ చుక్క దగ్గర వంగిందో చూసి డ్రైవర్ గారు ఎప్పుడు త్రాటిల్ మార్చినారో కూడా చెప్పొచ్చు.

లోకో_క్యాబ్

సార్ చెప్పింది బాగుంది, రెండు జాగ్రత్తలు చెప్తాను లేకపోతే పాప లెక్క తప్పొచ్చిందని బాధపడుద్ది. ఒకటి, మొదటి కొన్ని సెకన్లు మేం నెమ్మదిగా లాగుతామని చెప్పాను కదా, కాబట్టి మీకొచ్చే త్వరణం 0.075 కంటే తక్కువే వస్తుంది, 0.05 వచ్చినా తప్పు కాదు. నిండుదానికీ ఖాళీదానికీ మధ్య ఎన్ని రెట్లు అనేది చూడండి, అది నాలుగుకి దగ్గర్లో ఉంటుంది.

రెండోది, ఎక్కువ గూడ్సులు ఆగేది లూప్ లైన్లో, అంటే స్టేషన్లో మెయిన్ లైన్ పక్కన ఉండే లైన్లో. లూప్ నుంచి మెయిన్ లైన్లోకి వచ్చేటప్పుడు పాయింట్ల మీద (పట్టా మారే చోట) స్పీడ్ లిమిట్ ఉంటుంది, చాలా చోట్ల 30, కొన్ని చోట్ల 15, చివరి వ్యాగన్ పాయింట్ దాటేదాకా మేం పెంచకూడదు. నిండు బండి 30 అందుకునేసరికే 40 వ్యాగన్లు దాటిపోతాయి కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఖాళీ బండి మాత్రం పది పదకొండు వ్యాగన్లు దాటేలోపే 30 కి వచ్చేస్తుంది, అక్కడ మేం త్రాటిల్ తగ్గించేస్తాం. అందుకని ఖాళీ బండికి మొదటి 10 వ్యాగన్ల రీడింగే తీసుకోమనండి, అదే మెయిన్ లైన్లో ఎర్ర సిగ్నల్‌కి ఆగి బయల్దేరిన ఖాళీ బండి దొరికితే ఇంకా మంచిది, 14 దాకా తీసుకోవచ్చు. రీడింగులు ఇక్కడ పెట్టండి, ఏ బండికి ఎన్ని వ్యాగన్లు ఉన్నాయో, ఇంజిన్ నంబర్ ఏంటో కూడా రాస్తే బరువు నేను లెక్క కట్టి చెప్తాను.